ఓబులేసు మరిచిపోవలసిన సంగతులు

ఉద్యోగంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లు నిండాక, పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలు ఉందనగా, ఓబులేసుకు విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తర్వు అందింది. తనకు తెలిసినదంతా నెలాఖరులోగా మరిచిపోవాలని అందులో ఉంది.

ఉత్తర్వు చదివి ఓబులేసు నవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినవాడు ఏ ఉత్తర్వు చూసీ నవ్వడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కౌంటరు ముందు నిలబడ్డ విద్యార్థికి పుస్తకం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు.

అది రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయం. ఏదని అడగకండి, అది కూడా ఇప్పుడు గోప్యమే. అక్కడి కేంద్ర గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు ఓబులేసుది. లక్షా పదివేల పుస్తకాల్లో ఏది ఏ బీరువాలో ఉందో, ఎవరి దగ్గరుందో, వాళ్లు ఎన్నాళ్లకు తెస్తారో అతనికి తెలుసు. ఎవరైనా వచ్చి, "అన్నా, ఏదో నీలం అట్ట, చెరువుల మీద రాసింది" అంటే, "మూడో గది, కిటికీ పక్క బీరువా, కింది అర. అట్ట పోయిండాది, చూసి తియ్" అనేవాడు. పన్నెండేళ్ల కిందట కంప్యూటరు వచ్చింది. కరెంటు పోయినప్పుడు జనం ఓబులేసును అడిగేవారు. కరెంటు ఉన్నప్పుడు కూడా అతన్నే అడిగేవారు.

గొడవ జూన్‌లో మొదలైంది. చరిత్ర శాఖ ఆచార్యులు వామనమూర్తిగారు ఎమ్మే విద్యార్థులను వెంటేసుకుని గ్రంథాలయానికి వచ్చారు. ఇంగ్లీషులో తప్ప పాఠం చెప్పరని ఆయనకు పేరు. ఓబులేసు ఆయన్ని చూడగానే లేచి నిలబడి, సాయం చేస్తున్నాననే సంతోషంతో, హాలు చివరి దాకా వినపడేటట్టు అన్నాడు:

"సార్, మొన్న మీరు తీసుకపోయిన పదో తరగతి ఇంగ్లీషు వ్యాకరణం లేదా, దానికి జవాబుల పుస్తకం వచ్చింది. ఎత్తిపెట్టినా!"

వెనకాల ఇద్దరమ్మాయిలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక కుర్రాడు బీరువా వెనక్కి వెళ్లి నవ్వి వచ్చాడు. వామనమూర్తిగారు ఒక్క మాటా అనలేదు. ముఖం కందగడ్డలా చేసుకుని వెళ్లిపోయి, ఆ సాయంత్రమే నాలుగు పేజీల ఫిర్యాదు రాశారు. ఓబులేసు తన తప్పు తెలుసుకుని మరునాడు క్షమాపణ చెబుదామని శాఖకు వెళ్తే, అపాయింట్‌మెంట్ లేదని బయటినుంచే పంపేశారు.

సరిగ్గా ఆ వారంలోనే పైనుంచి రెండు సర్క్యులర్లు ఒకే కవరులో వచ్చాయి. పాఠకుల గోప్యతను సంపూర్ణంగా కాపాడాలని మొదటిది. పుస్తకాలు పాఠకులకు అతి సులభంగా అందాలని రెండోది. రెండింటిలో ఏది ముందో చెప్పలేదు కనుక, రెండింటికీ కలిపి ఒకే సంఘం వేశారు. దాని పేరు పాఠక గోప్యతా పరిరక్షణ మరియు సులభ ప్రాప్యతా ఉన్నతస్థాయి సంఘం. గోప్యత లేక నష్టపోయినట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నది విశ్వవిద్యాలయం మొత్తంలో వామనమూర్తిగారు ఒక్కరే కాబట్టి ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారు.

మొదటి సమావేశంలోనే ఆయన తీర్మానం చదివారు. "ఏ పాఠకుడు ఏ గ్రంథాన్ని తీసుకున్నాడన్న సమాచారం గ్రంథాలయానికి ఏ దశలోనూ తెలియరాదు."

లైబ్రేరియన్ హైమావతిగారు నెమ్మదిగా చెయ్యెత్తారు. ఆవిడ సౌమ్యురాలు. గట్టిగా మాట్లాడకూడదని గోడ మీద రాసినచోట ఇరవై ఆరేళ్లు పనిచేసి, బయట కూడా గట్టిగా మాట్లాడటం మానేశారు.

"మరి తిరిగి ఇమ్మని ఎవరిని అడగాలి సార్?"

"అడగడమనేది పాఠకుని వ్యక్తిగత జీవితంలోకి చొరబాటు అవుతుంది మేడమ్. అంతేకాదు, అడగకపోవడం పాఠకుడికి సౌలభ్యం. ఈ ఒక్క తీర్మానంతో రెండు సర్క్యులర్లూ అమలవుతున్నాయి."

సభ్యులు బల్లలు చరిచారు. పుస్తకం ఇచ్చిన మరుక్షణం తీసుకున్నవారి పేరు కంప్యూటరులోంచి చెరిగిపోయే ఏర్పాటు జరిగింది. పాత పేర్లన్నీ ఒక ఆదివారం పూట చెరిపేశారు.

సోమవారం నుంచి గ్రంథాలయానికి ఎన్నడూ లేనంత రద్దీ వచ్చింది. పుస్తకాల మీద ఎప్పుడూ ఆసక్తి చూపని శాఖలు సైతం సంచులతో వచ్చాయి. ఒక అధ్యాపకుడు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. మూడు వారాల్లో నిఘంటువుల గది ఖాళీ అయింది. బీరువాల్లోంచి అవతలి గోడ కనిపించసాగింది. రెండో సమావేశం దీన్ని పరిశీలించి, "గ్రంథ వినియోగం అపూర్వ స్థాయికి చేరినట్టు సంఘం హర్షంతో గమనించింది" అని నమోదు చేసింది.

ఏర్పాటు సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి ప్రణీత్ అనే సాఫ్ట్‌వేరు నిపుణుణ్ని పిలిపించారు. అతను రెండు రోజులు గ్రంథాలయంలో కూర్చుని మూడో రోజు సంఘం ముందుకు వచ్చాడు.

"కంప్యూటర్లు క్లీన్ సార్. కానీ డేటా ఇంకోచోట ఉంది. పూర్తి బ్యాకప్. ముప్పై ఒక్క ఏళ్లది."

సభ్యులు కుర్చీల్లో ముందుకు జరిగారు. "ఎక్కడ?"

"కౌంటర్లో సార్. తెల్లచొక్కా వేసుకుని ఉంది. పాస్‌వర్డ్ కూడా లేదు. ఊరికే అడిగితే చెప్పేస్తోంది."

అలా వచ్చింది ఆ ఉత్తర్వు. "మీ మెదడునందు పాఠకుల సమాచారము అనధికారికముగా నిల్వ యున్నట్లు సంఘము దృష్టికి వచ్చినది. సదరు సమాచారమును నెలాఖరులోగా నిర్మూలించి, ఆ మేరకు ధ్రువపత్రము సమర్పించవలెను. లేనిచో మీ పదవీ విరమణ ప్రయోజనములను నిలుపుదల చేయుటకు వెనుకాడబోము."

ఓబులేసు ఆ కాగితం తీసుకుని హైమావతిగారి గదికి వెళ్లాడు.

"మరిచిపోయేదెట్ల మేడమ్?"

ఆవిడ కాగితం మళ్లీ చదివారు. "పద్ధతి రాయలేదు ఓబులేసూ. గడువు మాత్రమే రాశారు."

ఇంట్లో అతని భార్య సాలమ్మ ఈ సంగతి విని చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపింది. "అదేం కష్టం? పొద్దున జీలకర్ర తెమ్మంటి, తెచ్చినావా? మరిచిపోయేదాంట్లో నిన్ను మించినోడు ఎవడున్నాడు? నేను రాసిస్తాపో."

నిజంగానే రాసిచ్చింది. 'నా భర్త ఓబులేసు జీలకర్ర, గ్యాస్ బుకింగు, మా చెల్లెలి కూతురి పెండ్లి తేదీ మరిచినాడు' అని వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి మరీ ఇచ్చింది. సంఘం దాన్ని పరిశీలించి, జీలకర్ర పాఠక సమాచారం కిందికి రాదని తిరస్కరించింది. ధ్రువపత్రాలతో లాభం లేదనీ, ప్రతినెలా మొదటి సోమవారం ఓబులేసుకు విస్మరణ పరీక్ష పెట్టాలనీ తీర్మానించింది.

మొదటి పరీక్ష సమావేశ మందిరంలో జరిగింది. సరైన జవాబు చెబితే సున్నా మార్కులు. ఓబులేసు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, పొడుగాటి బల్లకు ఈ చివర కూర్చున్నాడు. ఆ చివర వామనమూర్తిగారు, ఆయనకు రెండు పక్కలా ఉప రిజిస్ట్రారు, ప్రణీత్.

ఉప రిజిస్ట్రారు అడిగాడు. "గత జూన్ మాసంలో గౌరవ అధ్యక్షులవారు గ్రంథాలయం నుంచి ఏ పుస్తకం తీసుకున్నారు?"

"మరిచిపోయినా సార్."

"సంతోషం. ఏది మరిచిపోయినట్టో స్పష్టంగా చెప్పండి. రికార్డు కోసం."

ఓబులేసు అబద్ధం ఆడే అలవాటు లేనివాడు. "పదో తరగతి ఇంగ్లీషు వ్యాకరణం మరిచిపోయినా సార్."

వామనమూర్తిగారు బల్లమీద చెయ్యి వేసి, ఆ ప్రస్తావనను తక్షణం రికార్డుల నుంచి తొలగించాలన్నారు. తొలగించారు కూడా. రెండు రోజుల తర్వాత ముప్పై ఆరు శాఖలకూ చేరిన సమావేశ వివరాల్లో, "గౌరవ అధ్యక్షులవారు పదో తరగతి ఇంగ్లీషు వ్యాకరణమును తీసుకున్నారన్న ప్రస్తావనను రికార్డుల నుంచి తొలగించడమైనది" అని చక్కగా టైపు చేసి ఉంది.

దీంతో ఓబులేసుకు కొత్త సమాచారం చేరకుండా చూడాలని సంఘం నిశ్చయించింది. కౌంటరుకు అడ్డంగా మందపాటి ఆకుపచ్చ తెర కట్టారు. కింద జానెడు సందు వదిలారు. పాఠకుడు ఆ సందులోంచి పుస్తకం తోయాలి, ఓబులేసు ముద్ర కొట్టి తిరిగి తోయాలి. పుస్తకాలకు ఖాకీ అట్టలు వేసి పేర్లు కనపడకుండా చేశారు. వారం గడిచాక ప్రణీత్ వచ్చి చూస్తే, ఓబులేసు సందులోంచి వచ్చిన వేళ్లను చూసి, "ఏమి మా, జ్వరం తగ్గిందా?" అని అడుగుతున్నాడు. వెంటనే పాఠకులందరికీ చేతి తొడుగులు తప్పనిసరి చేశారు. తర్వాత దగ్గు నిషేధించారు.

ఇదంతా ఇలా ఉండగా, ఆగస్టు ఇరవై రెండున దస్తగిరమ్మ తెర ముందుకు వచ్చి నిలబడింది.

దస్తగిరమ్మ చరిత్ర శాఖలో పరిశోధకురాలు. పాత కరువుల్లో ఊళ్లలో పెట్టిన గంజి కేంద్రాల మీద ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆమె గైడు వామనమూర్తిగారే. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి చివరి గడువు ముప్పై ఒకటి. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఇవ్వరు. అది సమర్పిస్తే సొంత ఊరి పక్కనే ఉన్న డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం ఉంది. సమర్పించకపోతే ఆరేళ్లూ పోయినట్టే. సమర్పణకు ముందు జరిగే సమీక్షలో ఒక అధ్యాయంలోని పట్టికలన్నీ అసలు నివేదికతో సరిచూడమన్నారు. నూట ఇరవై ఏళ్ల నాటి ఆ కరువు నివేదిక ప్రతి ఒక్కటే ఉంది. ఉండవలసినచోట లేదు.

కంప్యూటరును అడిగితే, "ఈ గ్రంథము ఒక పాఠకుని వద్ద ఉండవచ్చును, ఉండకపోవచ్చును. పాఠకుని గోప్యత దృష్ట్యా చెప్పుట కుదరదు" అని వచ్చింది. కార్యాలయంలో అడిగితే, ఎవరి దగ్గరుందో వారి సంతకంతో అంగీకారపత్రం తెస్తే ఎవరి దగ్గరుందో చెబుతామన్నారు. గైడు దగ్గరికి వెళ్తే ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఎవడో బాధ్యత లేనివాడు పెట్టుక్కూర్చున్నాడమ్మా. నిబంధనలు నేనే రాశాను, నేనే అతిక్రమించలేను కదా" అన్నారు.

తెర అవతల ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతికి తొడుగులున్నాయి, దగ్గలేదు. అయినా ఓబులేసు అన్నాడు:

"నిలబడే ఉండావే దస్తగిరమ్మా. కూర్చోరాదా?"

అంతే, ఆమెకు ఏడుపు వచ్చేసింది. "అన్నా, కరువు నివేదిక, ఎర్ర తోలు అట్ట. నీకు తెలుసన్నా. యాడుందో ఒక్క మాట చెప్పు. తొమ్మిది దినాలే ఉండాది నాకు."

ఓబులేసుకు తెలుసు. ఎవరు తీసుకున్నారో, ఏ రోజు తీసుకున్నారో, ఆ రోజు వాన పడుతుంటే పుస్తకాన్ని ఏ పేపరులో చుట్టి ఇచ్చాడో కూడా తెలుసు. నాలుగేళ్లయింది.

చెప్పకపోవడానికి ఉద్యోగ భయం ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. పెళ్లయిన ఒక లెక్చరరు పిల్లలు పుట్టకపోవడం గురించిన పుస్తకాలు నెలలో నాలుగు తీసుకువెళ్లినప్పుడు ఓబులేసు ఎవరితోనూ అనలేదు. హాస్టలు కుర్రాడొకడు బతుకు మీద విరక్తి గురించిన పుస్తకాలే వరసగా చదువుతుంటే, ఎవరికీ చెప్పకుండా పదిహేను రోజులు మధ్యాహ్నం తన క్యారియరులో సగం వాడికి పెట్టి పక్కన కూర్చున్నాడు. వాడు ఇప్పుడు ఎక్కడో తహసీల్దారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒకరి చదువు ఇంకొకరి చెవిన వేసింది ఆ జూన్ నాడు ఒక్కసారే. అది కూడా తొందరపాటు వల్ల. ఆ తప్పు అతన్ని సంఘం కంటే ఎక్కువగా బాధిస్తూనే ఉంది.

"ఎవరి దగ్గరుందో చెప్పను మా," అన్నాడు తెర వెనకనుంచి. "పుస్తకం మటుకు చూస్తా. రెండు దినాలు ఆగు."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఆచార్యుల క్వార్టర్లకు వెళ్లాడు. వామనమూర్తిగారి తలుపు కొట్టాడు. ఆయన ఇంట్లో లేరు. గోప్యత మీద ప్రసంగించడానికి పక్క జిల్లాకు వెళ్లారు. భార్య సువర్చలగారు తలుపు తీశారు. యాభై దాటిన మనిషి. చేతిలో పెన్ను ఉంది, వేలికి సిరా అంటింది.

"లైబ్రరీ ఓబులేసన్న కదా? రా, లోపలికి రా."

హాల్లో భోజనాల బల్ల మీద వ్యాకరణం పుస్తకం తెరిచి ఉంది. దాని పక్కన రూళ్ల నోటుపుస్తకం. ఓబులేసు ఆ రెండింటినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆవిడ పమిట కొంగుతో వేలు తుడుచుకుంటూ నవ్వారు. "దాచేదానికి టైము లేకపాయె. పద్నాలుగేళ్లకే పెండ్లి చేసిరి అన్నా, చదువు తొమ్మిదితోనే ఆగిపోయింది. ఇప్పుడు ప్రైవేటుగా పదో తరగతి కడుతున్నా. ఎవరికీ చెప్పద్దని సార్ దగ్గర ఒట్టు వేయించుకున్నా. తప్పితే ఈ క్వార్టర్లలో ఆడోళ్ల ముందర తలెత్తుకోలేను. పాపం ఆయప్ప, అందరూ నవ్వినా నోరిప్పలేదంట."

ఓబులేసు చెప్పులు విడిచి అలాగే నిలబడ్డాడు. చెప్పవలసిన క్షమాపణ ఎవరికి చెప్పాలో అతనికి అప్పుడు తెలిసింది.

"తప్పు నాదేనమ్మా. సంతోషంలో అరిచేసినా. సార్‌ను బజార్లో పెట్టినట్లాయె."

"పోనీలే. జవాబుల పుస్తకం ఉండాది అన్నావంట కదా? పాసివ్ వాయిస్ చచ్చినా రావడంలేదు."

"రేపే తెస్తా." అప్పుడు చూశాడు. నోటుపుస్తకం కింద ఎత్తుకోసం పెట్టుకున్న లావాటి ఎర్ర తోలు అట్ట పుస్తకం. అంచు మీద గ్రంథాలయం ముద్ర సగం కనిపిస్తోంది. దానిమీద సిరా మరకలు రెండు పడ్డాయి.

ఓబులేసు ఆ పుస్తకాన్ని చూపించాడు. "అమ్మా, రాసుకునేదానికి ఇంత ఎత్తు పనికిరాదు, మణికట్టు నొప్పి పుడుతుంది. పరీక్ష హాలులో ఇట్లాంటిది పెట్టుకోనీయరు. నేను క్లిప్పు అట్ట ఒకటి తెచ్చిస్తా, దానిమీద అలవాటు చేసుకోండి. ఇది నాకిచ్చేయండి, లైబ్రరీ మాదిరుండాది."

"అవునా? బీరువా అడుగున పడుంటే తీసినా. సార్ మరిచిపోయుంటారు. తీస్కపో."

మరునాడు ఉదయం క్లిప్పు అట్ట, జవాబుల పుస్తకం సువర్చలగారికి చేరాయి. దస్తగిరమ్మ తెర ముందు నిలబడగానే, సందులోంచి ఖాకీ కాగితంలో చుట్టిన బరువైన పుస్తకం బయటికి వచ్చింది. ఆమె పొట్లం విప్పి, రెండు చేతులతో గుండెకు అదుముకుని, చదువుల గదిలోకి పరుగెత్తింది. ముప్పైన, గడువుకు ఒక రోజు ముందే, సిద్ధాంత గ్రంథం సమర్పించింది.

నిబంధనల ప్రకారం కనపడకూడని పుస్తకం కనపడటం సంఘాన్ని కలవరపెట్టింది. ఎవరికో గుర్తుందని దాని అర్థం. సెప్టెంబరులో ప్రత్యేక విచారణ పెట్టి దస్తగిరమ్మను పిలిచారు. ఓబులేసు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"సదరు కరువు నివేదిక మీకు ఎవరి ద్వారా లభించింది?" అన్నాడు ఉప రిజిస్ట్రారు.

"నేను ఏ పుస్తకం చదివినానో మీకెట్ల తెలిసింది సార్?" అంది దస్తగిరమ్మ.

"మీ సిద్ధాంత గ్రంథంలో ప్రతి పేజీ కిందా అధోజ్ఞాపికలు ఉన్నాయి కదా!"

"అయితే నా చదువు మీద మీరు నిఘా పెట్టినట్లే. గోప్యత నిబంధన ఒకటో సెక్షను. నేను చెప్పను."

ఉప రిజిస్ట్రారు నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఆమె చెప్పింది నిజమే. అయినా వదల్లేదు. "కనీసం ఇన్నాళ్లూ ఆ పుస్తకాన్ని దాచుకున్న బాధ్యతారహితుడెవరో కనిపెట్టి శిక్షించాలి. ఓబులేసును పిలిచి గట్టిగా అడుగుదాం. మన సంఘం ప్రతిష్ఠకు సంబంధించిన విషయం, ఏమంటారు సార్?"

వామనమూర్తిగారు అప్పటికి పది రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. ఓబులేసు ఇంటికొచ్చి ఎర్ర అట్ట పుస్తకం తీసుకుపోయిన సంగతి భార్య మాటల్లో చెప్పింది. ఆయన నీళ్లు తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టారు.

"అవసరం లేదు. పాఠకుని గోప్యత పవిత్రం. ఆ పాఠకుడు ఎంత బాధ్యత లేనివాడైనా సరే. విచారణ ముగిసింది."

ఓబులేసు మీద ఏమీ రుజువు కాలేదు. కానీ ఏమీ రుజువు కానివాణ్ని కౌంటరులో ఉంచడం ప్రమాదమని, అతన్ని వెనక గదిలో పుస్తకాలు కుట్టే విభాగానికి మార్చారు. కౌంటరులో మనిషే లేకుండా ప్రణీత్ ఒక యంత్రం బిగించాడు. మనిషి లేడు గనక అది సంపూర్ణ గోప్యం. సులభ ప్రాప్యత కోసం దానికి తియ్యటి ఆడగొంతు పెట్టారు. పుస్తకం దానిమీద పెట్టగానే హాలంతా మార్మోగేటట్టు, "మీరు తీసుకున్న పుస్తకం, మొలల వ్యాధి, కారణాలు, నివారణ. మీ పఠనం సుఖప్రదం అగుగాక!" అనేది. గొంతు తగ్గించాలంటే టెండరు పిలవాలి. జనం గ్రంథాలయానికి రావడం తగ్గించారు. రద్దీ తగ్గి ప్రాప్యత మరింత సులభమైందని సంఘం నమోదు చేసింది.

మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఓబులేసు పదవీ విరమణకు అప్పటికి ఇంకా కొద్ది వారాలుంది. ఆ వారం ఒక మధ్యాహ్నం, కుట్టు విభాగం తలుపు దగ్గర వామనమూర్తిగారు వచ్చి నిలబడ్డారు. అటూ ఇటూ చూసి లోపలికి వచ్చారు. పుస్తకాల గుట్టల మధ్య స్టూలు మీద కూర్చున్నారు.

"ఓబులేసూ."

"చెప్పండి సార్."

"పాసైంది. ఇంగ్లీషులో అరవై ఎనిమిది." "ఇప్పుడు ఇంటర్ చదువుతానంటోంది. ఆ యంత్రం దగ్గరికి నేను పోలేను. ఏ గ్రూపో, ఏమేం పుస్తకాలు కావాలో..." జేబులోంచి చీటీ తీయబోయారు.

ఓబులేసు సూది పక్కన పెట్టాడు. ఆయన చేతిని చీటీతో సహా మెల్లగా వెనక్కి జేబు వైపు నెట్టాడు.

"నాకు చూపించద్దండి సార్. సాయంత్రం ఇంటికొస్తా. ఆమె ఏం చదువుకోవాలనో ఆమెనే అడుగుతా. నేను మీక్కూడా చెప్పను, ఆమె చెప్తేనే మీకు తెలుస్తుంది."